పికప్‌ను క్యాంపింగుకు సిద్ధం చేసేటప్పుడు బరువు లెక్క: ముందు ధర్మకాంట, ఆ తరువాతే కమాన్ పట్టీ

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుని సమాధానంలోకి వెళ్తాను. మీది డబుల్ క్యాబ్ డీజిల్ ఫోర్ బై ఫోర్ పికప్. ఆర్‌సీలో ఖాళీ బరువు 1,965 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 2,510 కిలోలు అని ఉంది. మీరూ మీ శ్రీమతీ ఇద్దరు పిల్లలూ వచ్చే జూన్‌లో హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని లద్దాఖ్ దాకా వెళ్ళి, దారిలో వీలైనన్ని రాత్రులు బండి దగ్గరే బస చేయాలని అనుకుంటున్నారు. అందుకోసం ఇనుప క్యానపీ (తొట్టిని కప్పే గూడు), దాని మీద రూఫ్‌టాప్ టెంటు, ముందు ఇనుప బంపరు, దానికి వించ్ (దిగబడిన బండిని తాడుతో లాగే యంత్రం), వెనుక తొట్టిలో ప్లైవుడ్ సొరుగులు, టెయిల్‌గేటు (తొట్టి వెనుక తలుపు) పక్కన 60 లీటర్ల నీళ్ళ ట్యాంకు, ఇళ్ళలో ఇన్వర్టరుకు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, ఒక ఫ్రిజ్ తలపెట్టారు. క్యానపీ, సొరుగులు ఇప్పటికే బిగించారు. ఆ రెంటితోనే బండి వెనుక భాగం రెండు అంగుళాలు దిగింది. కమానుకు, అంటే వెనుక చక్రాల మీద బండిని మోసే లీఫ్ స్ప్రింగుకు, ఒక పట్టీ అదనంగా వేయిస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. పట్టీ వేయిస్తే దిగిన వెనుక భాగం పైకి లేస్తుంది. బండి మోయగలిగే బరువు మాత్రం ఒక్క కిలో కూడా పెరగదు. దిగడం అనేది బండి మీతో చెబుతున్న మాట. పట్టీ వేయించడమంటే ఆ మాట వినబడకుండా చేయడమే. నేను ఈ పొరపాటు స్వయంగా చేసి, డబ్బు పోగొట్టుకుని, ఆ తరువాత నేర్చుకున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆర్‌సీలో ఉన్న ఆ రెండు అంకెల అర్థం చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఖాళీ బరువు అంటే డ్రైవరు కూడా లేని బండి బరువు. మొత్తం బరువు అంటే బండి, అందులోని మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని హద్దు. మీ విషయంలో ఈ రెండింటి మధ్య తేడా 545 కిలోలు. ఈ 545 కిలోలూ సామాను కోసమే ఉన్నాయనుకోవడం అందరూ చేసే మొదటి తప్పు. అందులో మొదటి వాటా స్టీరింగు ముందు కూర్చునే మీది, రెండవ వాటా మీ కుటుంబానిది. మీరు రాసిన బరువులు 78, 62, 48, 34. కలిపితే 222 కిలోలు. అంటే ఒక్క చెంచా కూడా ఎక్కించక ముందే మీ చేతిలో మిగిలినవి 323 కిలోలు.

ఇప్పుడు మీ జాబితాను ఆ 323 లోంచి తీసివేస్తూ పోదాం. మీరు చెప్పిన కొలతల ఇనుప క్యానపీ తక్కువలో తక్కువ 110 కిలోలు ఉంటుంది, మిగిలింది 213. ఇనుప బంపరు 55, వించ్ 35, మిగిలింది 123. రూఫ్‌టాప్ టెంటు 65 అనుకుంటే మిగిలింది 58. ఇక సొరుగులు. 18 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు ఒక్కటే సుమారు 32 కిలోలు తూగుతుంది. మీ వడ్రంగి రెండున్నర షీట్లు వాడాడని రాశారు కనుక చెక్కే 80, ఇనుప ఫ్రేము, జారుడు పట్టాలు కలిపి మరో 30. ఇక్కడితో మీరు హద్దు దాటి 52 కిలోలు బాకీ పడ్డారు. ట్యూబులర్ బ్యాటరీ 55 కిలోలు, ఫ్రిజ్ అందులోని సరుకుతో సహా 40, నీళ్ళు ట్యాంకుతో కలిపి 65. బాకీ 212కు చేరింది. బట్టలు, పరుపులు, పొయ్యి, గ్యాస్, బియ్యం, పప్పు, కుర్చీలు, పనిముట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. నలుగురికి అవి 100 కిలోలకు తగ్గడం నేను చూడలేదు. మొత్తం మీద మీ బండి 2,822 కిలోలతో, హద్దుకు 312 కిలోలు ఎక్కువగా, బయలుదేరుతుంది. ఇందులో ఏ వస్తువూ విడిగా చూస్తే అతిగా కనబడదు. అన్నీ కలిసేసరికి తడిసి మోపెడవుతుంది. టెంటు విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం కూడా: వానలో తడిసిన కాన్వాసును ఆరబెట్టకుండా మడిచి పైకి ఎక్కించి చూడండి.

నా సంగతి చెబుతాను. 2017లో నా పికప్‌కు దాదాపు ఇలాంటి ఏర్పాటే చేయించాను. వెనుక భాగం దిగితే, పని చేసిన వర్క్‌షాపువారు "ఒక పట్టీ వేస్తే గుర్రంలా నిలబడుతుంది సార్" అన్నారు, నేను వేయించాను, బండి నిజంగానే గుర్రంలా నిలబడింది. మొదటి ప్రయాణం శ్రీశైలం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కనుక పొద్దున్నే అడవిలోకి ప్రవేశించాము. ఘాటు దిగుతూ ఒక మలుపులో స్టీరింగు తిప్పాను. బండి తిరగవలసినంత తిరగలేదు; ముందు చక్రాలు రోడ్డును పట్టుకోనట్టు, కొద్దిగా తేలినట్టు, నేరుగా గోడ వైపు సాగింది. వేగం గంటకు 30 కిలోమీటర్లే కనుక బతికిపోయాము. పైన కట్టిన టెంటు బరువుకు బండి ఒక పక్కకు వాలి, నిదానంగా మళ్ళీ లేచిన తీరు వెనుక సీటులో కూర్చున్న మా అమ్మకు ఇప్పటికీ గుర్తుంది. తిరిగి వచ్చాక ఆటోనగర్ దగ్గర ఒక ధర్మకాంటకు తీసుకువెళ్ళాను. ముందు ఇసుక లారీ, వెనుక ఇనుప చువ్వల లారీ, మధ్యలో నేను. కాంటా గదిలోని కుర్రవాడు కిటికీలోంచి తొంగి చూసి "ఏం లోడున్నది సార్?" అన్నాడు. "సంసారం" అన్నాను. వాడు నవ్వి, మీట నొక్కి, చీటీ చింపి ఇచ్చాడు. హద్దుకు 240 కిలోలు ఎక్కువ. అంతకన్నా నన్ను కలవరపెట్టింది రెండవ చీటీ: ముందు యాక్సిల్ (ఇరుసు) మీద పడే బరువు, కొన్ననాడు ఖాళీ బండిలో అదే యాక్సిల్ మీద పడిన బరువు కంటే కూడా తక్కువగా ఉంది.

అదెలా జరుగుతుందన్నది మీరు తప్పక అర్థం చేసుకోవలసిన విషయం, ఎందుకంటే మీ నీళ్ళ ట్యాంకు టెయిల్‌గేటు పక్కనే పెడతానన్నారు. పిల్లలు ఆడుకునే ఊగుడుబల్లను తలచుకోండి. వెనుక యాక్సిల్ ఆ బల్లకు ఆధారం అయితే, ఆ యాక్సిల్ దాటి వెనుకకు వేలాడే ప్రతి కిలో ముందు భాగాన్ని పైకి లేపుతుంది. మన దేశంలో దొరికే డబుల్ క్యాబ్ పికప్‌ల రెండు యాక్సిళ్ళ మధ్య దూరం దాదాపు 3.1 మీటర్లు. టెయిల్‌గేటు దగ్గర, అంటే వెనుక యాక్సిల్‌కు 1.1 మీటరు వెనుకగా 80 కిలోలు పెట్టారనుకోండి. 80ని 1.1తో హెచ్చించి 3.1తో భాగిస్తే 28 వస్తుంది. ముందు యాక్సిల్ మీద 28 కిలోలు తగ్గుతాయి, వెనుక యాక్సిల్ మీద 80 కాదు, 108 పడతాయి. అదే 80 కిలోలను తొట్టి ముందు గోడకు, అంటే క్యాబిన్ వెనుక గోడకు, ఆనించి నేల మీద పెడితే అది యాక్సిల్‌కు ముందే ఉంటుంది కనుక కొంత భారం ముందు చక్రాలు కూడా పంచుకుంటాయి. వస్తువు అదే, బరువు అదే, ఒక మీటరు జరిపితే బండి నడకే మారిపోతుంది. డబుల్ క్యాబ్‌లో తొట్టి చాలా భాగం యాక్సిల్‌కు వెనుకనే ఉంటుంది. అందువల్ల ముందు గోడ పక్కనున్న ఆ రెండు అడుగుల స్థలం బండి మొత్తంలో అన్నిటికన్నా విలువైనది. అక్కడ నీళ్ళు, బ్యాటరీ, పనిముట్ల పెట్టె ఉండాలి. పరుపులు, బట్టలు, కుర్చీలు వెనుక ఉండాలి. జనం సాధారణంగా తీయడం సులువని దీనికి సరిగ్గా విరుద్ధంగా సర్దుతారు.

ముందు బంపరుకు కూడా ఇదే సూత్రం తిరగేసి వర్తిస్తుంది. ముందు యాక్సిల్‌కు 0.9 మీటరు ముందు 90 కిలోల బంపరూ వించూ బిగిస్తే ఆ యాక్సిల్ మీద పడేది దాదాపు 116 కిలోలు. వెనుక బరువుకు ముందు బరువు జవాబు అని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. రెండు కొసలకూ బరువు కట్టిన కావడి బద్ద నడుము దగ్గర ఎలా వంగుతుందో, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) కూడా క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య అలాగే శ్రమపడుతుంది. గతుకుల రోడ్డు మీద ఆ శ్రమ రోజుకు కొన్ని వేల సార్లు జరుగుతుంది.

కమాన్ సంగతికి తిరిగి వస్తాను. అదనపు పట్టీ గానీ, కమాన్ మధ్యలో బిగించే గాలి బుడగలు గానీ బండిని ఎత్తుతాయి, అంతే. యాక్సిల్ గొట్టం, చక్రాల బేరింగులు, హబ్బులు, బ్రేకు డ్రమ్ములు, ఛాసిస్ అన్నీ పాతవే. అసలు కమాను బరువును ఛాసిస్ మీద రెండు చోట్ల, ముందు కొక్కెం దగ్గర, వెనుక షాకిల్ (కమాను కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే బందు) దగ్గర, పంచుతుంది. గాలి బుడగ ఆ బరువును మధ్యలో ఒకే చోటికి తెస్తుంది. అధిక బరువుతో, వెనుకకు వేలాడే సామానుతో, బుడగలు బిగించిన డబుల్ క్యాబ్ పికప్‌లు సరిగ్గా ఆ చోటే ఛాసిస్ వంగి నిలిచిపోయిన సందర్భాలు ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో చాలా ఉన్నాయి. ఇంకొక చిక్కు ఎవరూ చెప్పరు. కొన్ని పికప్‌లలో వెనుక బ్రేకు బలాన్ని నిర్ణయించే వాల్వు ఒక కడ్డీ ద్వారా యాక్సిల్‌కు కలిపి ఉంటుంది. తొట్టి ఎంత దిగితే అంత లోడు ఉందని గ్రహించి వెనుక చక్రాలకు అంత బ్రేకు ఇస్తుంది. పట్టీ వేసి బండిని ఎత్తితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుంటుంది. అంటే బరువు ఎక్కువైన రోజునే వెనుక బ్రేకు తగ్గుతుంది. మీ బండి కింద ఆ కడ్డీ ఉందో లేదో పడుకుని చూడండి. ఉంటే, పట్టీ వేయించిన తరువాత దాన్ని సరిచేయించడం తప్పనిసరి.

అలాగని కమాన్ మార్చనే కూడదని నా ఉద్దేశం కాదు. మొత్తం బరువు హద్దు లోపలే ఉండి, ఆ బరువు ఎప్పుడూ తొట్టిలోనే ఉండేటట్లయితే, కాస్త గట్టి కమాను, దానికి తగిన షాక్ అబ్జార్బరు వేసుకోవడం సబబే. అది చివరి పని. మొదటి పని దింపడం.

ఇక ఏది దింపాలి? మీ జాబితాలో నేను మొదట చేయి వేసేది బంపరు, వించ్ మీద. లద్దాఖ్ వెళ్ళే తారురోడ్ల మీద, మట్టిరోడ్ల మీద కుటుంబంతో వెళ్ళే బండికి వించ్ పని పడటం అరుదు. ఆ 90 కిలోల స్థానంలో ఒక మంచి లాగుడు తాడు, దాన్ని బండికి తగిలించే రెండు ఇనుప షాకిళ్ళు, ఒక పార, టైరు గాలి కొట్టే కంప్రెసరు పెట్టుకోండి. అన్నీ కలిపి 15 కిలోలు. పైగా బండ్ల ముందు ఇనుప గార్డులు తీయించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగవలసిన ముందు భాగానికి ఈ ఇనుప బంపరు అడ్డం. ఎయిర్‌బ్యాగు సెన్సర్లకూ అడ్డమే.

రెండవది బ్యాటరీ. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ ఊరికే వచ్చిందని బండిలో పెట్టకండి. 55 కిలోల ఆ ట్యూబులర్ బ్యాటరీ నుంచి దాని ఆయుష్షు చెడకుండా వాడుకోగలిగింది సగమే, అంటే 75 ఏహెచ్. గతుకుల్లో యాసిడ్ ఒలకడం, ఆవిరి వదలడం సరేసరి. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 12 కిలోలు ఉంటుంది, దాని నుంచి 80 పైచిలుకు వాడుకోవచ్చు. చార్జింగు పరికరంతో కలిపి 15 కిలోలు అనుకోండి. 40 కిలోలు ఒక్క వస్తువులో తగ్గాయి. ధర ఎక్కువే, కాదనను. కానీ మీరు కమానుకూ బంపరుకూ పెట్టదలచిన డబ్బు ఇక్కడికి మళ్ళించండి. ఒక జాగ్రత్త: ఈ బ్యాటరీని సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో చార్జి చేస్తే లోపల దెబ్బతింటుంది. లద్దాఖ్‌లో ఎత్తయిన చోట రాత్రి చలి అక్కడికి చేరగలదు కనుక చలిలో చార్జింగును ఆపే రక్షణ ఉన్న బ్యాటరీనే తీసుకుని, వీలైతే వెనుక సీటు కింద క్యాబిన్ లోపల పెట్టుకోండి.

సొరుగులు. ఇక్కడే మీకు బాధ కలుగుతుందని తెలుసు, ఎందుకంటే అవి ఇప్పటికే తయారై ఉన్నాయి, ఫోటోలో చాలా అందంగా కూడా ఉన్నాయి. కానీ 110 కిలోల సొరుగులు 60 కిలోల సామానును మోయడానికి ఉండడం న్యాయం కాదు. ప్లైవుడ్ మందం లోనే బరువంతా ఉంది: 18 ఎంఎం షీటు 32 కిలోలయితే 12 ఎంఎం షీటు 21 కిలోలే. పడుకునే బల్లకు 12 ఎంఎం, కింద దగ్గర దగ్గరగా ఆధారాలు ఇస్తే చాలు. ఇనుప గొట్టం సంగతి కూడా చూడండి. ఒక అంగుళం చదరపు గొట్టం 2 ఎంఎం మందంతో మీటరుకు దాదాపు 1.4 కిలోలు, అల్యూమినియం సాంద్రత ఇనుములో మూడో వంతే కనుక కొంచెం మందం పెంచినా సగం బరువులోపే తేలుతుంది. బాలానగర్‌లో అల్యూమినియం సెక్షన్లు కోసి, నట్టు బోల్టులతో బిగించి ఇచ్చేవారు ఉన్నారు. వెల్డింగు కన్నా అదే మేలు, రేపు విప్పి మార్చుకోవచ్చు. సొరుగుల బదులు మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు ఆరు, ఒక్కొక్కటి 2 కిలోలు, పట్టీలతో కట్టివేయండి. బల్లతో కలిపి 35 కిలోలలో పని ముగుస్తుంది. పెట్టె తీసి నేల మీద పెట్టుకుని దాని ముందు కూర్చుని వంట చేసుకోవడం సొరుగు లాగి వంగి చేసుకోవడం కన్నా సుఖం కూడా.

టెంటు, క్యానపీ కలిపి ఆలోచించండి. 110 కిలోల ఇనుప క్యానపీ ఎందుకు కావలసి వచ్చింది? 65 కిలోల టెంటును మోయడానికి. టెంటును నేలకు దింపితే క్యానపీని కూడా తేలిక చేయవచ్చు. అల్యూమినియం ఫ్రేము మీద మంచి టార్పాలిన్ అయితే 40 కిలోలు. నలుగురు పడుకునే నేల టెంటు, చాపలతో కలిపి 14 కిలోలు. 175 స్థానంలో 54. అంతకన్నా ముఖ్యం, తగ్గిన బరువు తల ఎత్తులో ఉండేది. ఘాటు మలుపులో పైనున్న 65 కిలోలు చేసే కీడు తొట్టి అడుగున ఉన్న 65 కిలోలు చేయవు. నేల టెంటులో పురుగూ పుట్రా భయమని మీ శ్రీమతి అన్నారని రాశారు. ఆ భయాన్ని నేను తేలిక చేయను; జిప్పు మూసి ఉంచడం, చెప్పులు లోపల పెట్టుకోవడం అలవాటు చేసుకుంటే అది తీరుతుంది, లేదా పిల్లలిద్దరినీ తొట్టి బల్ల మీద పడుకోబెట్టవచ్చు. రూఫ్‌టాప్ టెంటే కావాలని పట్టుబడితే మాత్రం, బండి నడుస్తున్నప్పుడు పైకప్పు లేదా క్యానపీ మోయగల బరువు ఎంతో తయారీదారు ఇచ్చిన అంకె చూసుకోండి. నిలిచి ఉన్నప్పటి హద్దు వేరు, నడిచేటప్పటి హద్దు వేరు. అమ్మేవారు మొదటిదే చెబుతారు.

నీళ్ళు. నలుగురికి తాగడానికీ వండుకోవడానికీ రోజుకు 20 లీటర్లు సరిపోతాయి. లీటరు నీరు అంటే కచ్చితంగా కిలో. కనుక రెండు 20 లీటర్ల గట్టి డబ్బాలు చాలు, వాటిలో ఒకటి జాతీయ రహదారి మీద ఖాళీగానే ఉండాలి. హైదరాబాదు నుంచి నాగ్‌పూర్ దాకా, ఆ పైన కూడా, ప్రతి ఊళ్ళో నీళ్ళు దొరుకుతుంటే 60 కిలోల నీటిని రెండు వేల కిలోమీటర్లు మోసుకుపోవడం దేనికి? చివరి ఊళ్ళో నింపుకోండి. పెద్ద ట్యాంకు సగం ఖాళీ అయినప్పుడు నీళ్ళు లోపల దొర్లి బండిని ఊపుతాయి. చిన్న డబ్బాలకు ఆ బెడద లేదు. డీజిలు డబ్బా గురించి కూడా ఇదే మాట: 20 లీటర్లు దాదాపు 17 కిలోలు, ఇనుప డబ్బా బరువు అదనం, అది కూడా బంకులు దూరమైన చోటనే నింపుకోవాలి.

చిల్లర సామాను విషయంలో మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండవ ప్రయాణానికి ముందు పోర్టికోలో దుప్పటి పరచి, కొక్కెం కాంటా ఒకటి కొని దూలానికి వేలాడదీసి, ప్రతి సంచినీ దానికి తగిలించి నోటు పుస్తకంలో రాశాను. ఇనుప పెనం 2 కిలోలు. అయిదు లీటర్ల కుక్కరు 3. గాజు సీసాలో ఆవకాయ, మాగాయ, సీసాలతో కలిపి 4. అడుగున, బియ్యం సంచి కింద, పాత చీరలో చుట్టిన చిన్న కల్వం దొరికింది, రోకలితో సహా 6 కిలోల 200 గ్రాములు. పచ్చడి మిక్సీలో నూరితే పచ్చడే కాదని అమ్మ వాదం. కల్వం దిగింది, పెనం మిగిలింది, పచ్చళ్ళు ప్లాస్టిక్ డబ్బాల్లోకి మారాయి. నా పనిముట్ల పెట్టె 23 కిలోలు తూగేసరికి మాత్రం నేను కాసేపు మాట్లాడలేదు. అందులో మా బండికి పట్టని స్పానర్లే సగం. ఆ ఒక్క సాయంత్రం 41 కిలోలు తగ్గించాము, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

ఇప్పుడు మీ లెక్క మళ్ళీ వేద్దాం. మనుషులు 222, తేలిక క్యానపీ 40, లాగుడు సామాను 15, టెంటు 14, బల్ల, పెట్టెలు 35, బ్యాటరీ 15, కొంచెం చిన్న ఫ్రిజ్ సరుకుతో 27, నీళ్ళు డబ్బాలతో 42, చిల్లర సామాను 75. మొత్తం 485. 545 లో ఇంకా 60 కిలోలు మిగిలాయి. దాన్ని నింపాలని చూడకండి. తడి టెంటు, బురద, దారిలో కొనే ఆపిల్ పెట్టె, చుట్టాలకు తెచ్చే శాలువాలు వాటంతట అవే నింపుతాయి.

టైర్ల గురించి రెండు మాటలు. టైరు పక్కన అచ్చు వేసిన లోడు ఇండెక్సు 110 అయితే అది సరైన గాలితో 1,060 కిలోలు, 112 అయితే 1,120, 116 అయితే 1,250 మోస్తుంది. పెద్ద అంకె ఉన్న టైరు వేసినంత మాత్రాన బండి హద్దు పెరగదు. పైగా బాగా మందమైన ఆఫ్ రోడ్ టైర్లు ఒక్కొక్కటి 5, 6 కిలోలు ఎక్కువ ఉంటాయి, స్టెప్నీతో కలిపి అయిదింటికి 25 నుంచి 30 కిలోలు అక్కడే పోతాయి. తలుపు అంచున స్టిక్కరు మీద ఖాళీ బండికి ఒక గాలి, నిండు బండికి ఒక గాలి రాసి ఉంటుంది. నిండు బండికి రాసినది పొద్దున చల్లగా ఉన్నప్పుడు నింపుకోండి. ఎండాకాలం ఔటర్ రింగు రోడ్డు మీద పేలిన టైర్లలో చాలా వాటికి మూలం తక్కువ గాలి, ఎక్కువ బరువు.

బ్రేకులకు సంబంధించి, అదే వేగంలో 12 శాతం ఎక్కువ బరువున్న బండిని ఆపాలంటే బ్రేకులు 12 శాతం ఎక్కువ వేడిని మింగాలి. ఘాటు దిగుడులో అది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎక్కిన గేరులోనే దిగండి.

చట్టం సంగతి క్లుప్తంగా. ఆర్‌సీలోని మొత్తం బరువును దాటి బండి నడపడం మోటారు వాహనాల చట్టం 113వ సెక్షనుకు విరుద్ధం. 2019 సవరణ తరువాత 194వ సెక్షను కింద జరిమానా 20,000 రూపాయలు, ఆ పైన అదనపు టన్నుకు 2,000. ఆర్‌సీలో నమోదైన, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం 52వ సెక్షను ప్రకారం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కనుక విప్పి తీయగలిగే ఏర్పాట్లకే పరిమితం కండి, ఛాసిస్ మీద వెల్డింగు చేయించకండి, ప్రమాదం జరిగితే బీమావారు మొదట అడిగేది ఇదేనని గుర్తుంచుకోండి.

చివరగా, తూకం ఎలా వేయించాలో చెబుతాను. కమాన్ పట్టీకి అడ్వాన్సు ఇవ్వకండి. క్యానపీ, సొరుగులు ఇప్పుడున్నట్టే ఉంచి, డీజిలు ట్యాంకు నిండుగా నింపి, నలుగురూ ఎక్కి ఏదైనా ధర్మకాంటకు పొద్దున్నే వెళ్ళండి. లారీల రద్దీ తక్కువ ఉంటుంది, కాంటా గదిలోని మనిషికి మీ కోరిక వినే తీరిక ఉంటుంది. మూడు తూకాలు కావాలని ముందే చెప్పండి. మొదట ముందు చక్రాలు మాత్రమే పళ్ళెం మీదికి ఎక్కించి ఆపండి, చీటీ తీసుకోండి. తరువాత మొత్తం బండి. తరువాత ముందు చక్రాలు పళ్ళెం దిగి వెనుక చక్రాలు మాత్రమే మిగిలేలా ఆపండి. బండి సమతలంగా ఉండాలి, హ్యాండ్ బ్రేకు వదిలి ఉండాలి. ఆ కాంటాలు 5 లేదా 10 కిలోల మెట్లలో చూపిస్తాయి కనుక మొదటి, మూడవ చీటీల మొత్తం రెండవ దానితో పది, ఇరవై కిలోల తేడాతో కలిస్తే చాలు. మొత్తం హద్దు లోపల ఉన్నా, ఒక్కో యాక్సిల్‌కు తయారీదారు ఇచ్చిన హద్దుతో విడిగా పోల్చి చూసుకోవాలి. మాన్యువల్‌లో గానీ, బండికి బిగించిన ప్లేటు మీద గానీ ఆ అంకెలు ఉంటాయి.

ఆ మూడు చీటీల అంకెలూ, ప్లేటు మీది యాక్సిల్ అంకెలూ, ఖాళీ బండిగా ఉన్నప్పుడూ ఇప్పుడూ వెనుక చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు ఎంతో టేపుతో కొలిచి ఆ రెండు కొలతలూ ఇక్కడ రాయండి. మీకు కమాన్ అవసరమో కాదో, అవసరమైతే ఎంత గట్టిది కావాలో అప్పుడు చెప్పగలను.